కడగని నాణెమని రాసిచ్చి, కడిగింది అంటగట్టారు

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. నాలుగు నెలల కిందట ఇక్కడి డీలర్ దగ్గర 1876 నాటి కార్సన్ సిటీ ఇరవై డాలర్ల బంగారు నాణెం కొన్నాను. బిల్లు మీద ‘ఏయూ 55 (నాణేల నాణ్యత గ్రేడు, దాదాపు వాడనిదని అర్థం), ఎప్పుడూ కడగనిది’ అని రాసిచ్చాడు. నాణ్యత తేల్చే గ్రేడింగ్ సంస్థకు పంపితే అసలైనదే కానీ కడిగిన నాణెమని తేల్చారు. కడిగితే నాణెం సహజమైన మెరుపు పోయి, సేకరించేవాళ్ల దగ్గర విలువ తగ్గుతుంది. డీలరేమో ‘వాపసు లేదని బిల్లులోనే ఉంది, పైగా బంగారం రేటు పెరిగింది, మీకు నష్టమేంటి?’ అంటున్నాడు. నేనేం చేయాలి?
- ఒక పాఠకుడు

జవాబు: ఆ బిల్లు భద్రంగా దాచండి, మీ బలమంతా అందులోనే ఉంది. సరుకు ఇలాంటిదని అమ్మేవాడు చెప్పిన మాట బేరంలో భాగమైతే, టెక్సస్ వాణిజ్య చట్టం సెక్షన్ 2.313 కింద అదే వారంటీ. ‘వారంటీ’ అని విడిగా రాయనక్కర్లేదు. అయితే ఒక మెలిక ఉంది. ‘ఏయూ 55’ కేవలం తన అభిప్రాయమని డీలర్ వాదించొచ్చు, అభిప్రాయం వారంటీ కాదు. ‘ఎప్పుడూ కడగనిది’ మాత్రం నిజమో కాదో తేల్చగల మాట. మీ కేసు దాని మీదే నిలబెట్టండి. కడిగిన సంగతి అతనికీ తెలియదేమో, అయినా వారంటీ దావాకు ఆ ప్రశ్నతో పనిలేదు. ‘వాపసు లేదు’ అన్న షరతు వల్ల నాణెం తిరిగివ్వడంలో పేచీ రావచ్చు గానీ, రాసిచ్చిన మాట చెరిగిపోదు.

బంగారం రేటు వాదన అసలు ఒప్పుకోకండి. అందులో మేలిమి బంగారం 0.9675 ఔన్సు. మీరు అంతకు మించి ఇచ్చింది గద్ద బొమ్మ కింద కార్సన్ సిటీ టంకశాల గుర్తుగా ఉండే ‘సీసీ’ అక్షరాలకూ, చెడని మెరుపుకూ. ఆ టంకశాల నాణేలు కొట్టింది 1870–1893 మధ్యే, అందుకే వాటికి గిరాకీ. సెక్షన్ 2.714 ప్రకారం నష్టమంటే, మీరు నాణెం తీసుకున్న రోజున కడగనిదానికీ కడిగినదానికీ ఉన్న విలువల తేడా. ఆ రోజుల్లో అదే సంవత్సరం నాణేలు రెండు రకాలవీ వేలంలో ఎంత పలికాయో సేకరించండి. కడిగినప్పుడు పడ్డ, భూతద్దం కింద కనిపించే సన్నని గీతలు ఫొటోల్లో పడాలి.

ఫోన్లో వాదన చాలు, ఇవాళే సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపండి. సకాలంలో తెలపకపోతే సెక్షన్ 2.607 కింద హక్కే పోతుంది. ఫిర్యాదు, అడిగే మొత్తం అందులో స్పష్టంగా రాయండి. టెక్సస్ వినియోగదారుల మోసాల చట్టం కింద కూడా వెళ్లాలంటే దావాకు 60 రోజుల ముందు ఆ నోటీసు తప్పనిసరి. తెలిసే మోసం చేశాడని రుజువైతే ఆర్థిక నష్టానికి మూడు రెట్ల దాకా రావచ్చు. ఈ చట్టానికి గడువు రెండేళ్లు, వారంటీ దావాకు నాలుగేళ్లు. మొత్తం 20,000 డాలర్లు దాటకపోతే చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టులో లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు.

గ్రేడింగ్ వాళ్లు సీలు చేసిన ప్లాస్టిక్ డబ్బా మాత్రం తెరవకండి. తెరిస్తే, తను అమ్మింది ఈ నాణెం కాదంటాడు.