విడాకులు వచ్చాయి, వాయిదాలు మిగిలాయి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం. మేనత్త కొడుకునే పెళ్ళి చేసుకున్నాను. 2019లో రాయగడలో ఇద్దరి పేరా స్థలం కొని, బ్యాంకులో ఇద్దరమూ సంతకాలు చేసి 14 లక్షల గృహరుణం తీసుకుని ఇల్లు కట్టుకున్నాము. నెలకు 12,400 వాయిదా. అది చాలక మా బాబాయి దగ్గర ప్రామిసరీ నోటు మీద రెండు లక్షలు తెచ్చాము. దాని మీదా ఇద్దరి సంతకాలున్నాయి, ఒకసారి తిరగరాశాము కూడా. 2023లో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నాము. ఇల్లు ఆయనకు, బ్యాంకు అప్పు తీర్చే బాధ్యత కూడా ఆయనదేనని ఒప్పందం రాసుకుంటే, కోర్టు దానిని డిక్రీలో చేర్చింది. ఆయన ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటున్నారు. రెండు నెలలుగా వాయిదా కట్టడం లేదు. బ్యాంకు తరఫువాళ్ళు నేను పనిచేసే ప్రైవేటు పాఠశాలకే ఫోను చేస్తున్నారు. ఇంకా సుమారు 12 లక్షలు ఉందట. నా జీతం 18 వేలు. కోర్టే ఆయనను కట్టమన్నాక నేనెందుకు కట్టాలి? నాన్నేమో చెల్లెలి ఇంటితో కోర్టుకెక్కడం ఇష్టంలేక, తన రెండెకరాలు అమ్మి తీర్చేస్తానంటున్నారు. బాబాయి నోటు మళ్ళీ తిరగరాయమంటున్నారు. వచ్చే నెల తమ్ముడి పెళ్ళికి అత్త వస్తుంది. ఆమెతో ఈ మాట ఎత్తమంటారా?

జవాబు: అమ్మా, మీ కోపం న్యాయమైనదే. అయితే మీ ప్రశ్నలో రెండు లెక్కలు కలిసిపోయాయి. ఎవరు మాట తప్పారన్నది మీకూ మీ మాజీ భర్తకూ మధ్య లెక్క. అందులో కోర్టు ఉత్తర్వు మీ వైపే ఉంది. అప్పు ఎవరి దగ్గర వసూలు చేసుకోవచ్చునన్నది బ్యాంకుకూ మీ ఇద్దరికీ మధ్య లెక్క. ఆ విడాకుల కేసులో బ్యాంకు పార్టీ కాదు కనుక, డిక్రీలో ఏమి రాసుకున్నా బ్యాంకు చేతిలోని మీ సంతకం చెరిగిపోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం, ఇద్దరు కలిసి ఇచ్చిన మాటను ఇద్దరిలో ఎవరో ఒకరి చేతనే పూర్తిగా నెరవేర్పించుకునే హక్కు అప్పిచ్చినవారికి ఉంటుంది. ఆయన విశాఖలో ఉన్నారు, మీరు చేతికందే దూరంలో ఉన్నారు, అందుకే ఫోను మీ పాఠశాలకు వస్తోంది. అదే సెక్షన్ మరొక మాట కూడా చెబుతుంది: ఒకరే మొత్తం కట్టవలసి వస్తే, రెండోవారి వాటాను వారి నుంచి రాబట్టుకోవచ్చు. మామూలుగా అది సగం. మీ విషయంలో బ్యాంకు అప్పంతా ఆయనదేనని డిక్రీ ఉంది కాబట్టి, మీరు కట్టిన ప్రతి రూపాయినీ ఆయన నుంచి అడిగే ఆధారం మీకు ఉన్నది.

కాబట్టి ‘నేనెందుకు కట్టాలి’ అన్న ప్రశ్నను కొంచెం పక్కన పెట్టి, ‘కట్టకపోతే ముందుగా నష్టపోయేది ఎవరు’ అని చూడండి. వాయిదా బాకీ 90 రోజులు దాటితే బ్యాంకు ఆ ఖాతాను మొండిబాకీ కింద వేస్తుంది. ఆ తరువాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, అప్పటికీ బాకీ తీరకపోతే ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. వేలంలో ఇల్లు దాని అసలు ధర పలకకపోతే, మిగిలిన బాకీకి మళ్ళీ ఇద్దరూ బాధ్యులే. ఈలోగా ఇద్దరి సిబిల్ స్కోరూ (అప్పులు తీర్చే తీరును బట్టి వేసే మార్కులు) పడిపోతుంది, రేపు మీకు చిన్న బండి అప్పు కూడా దొరకదు. ఇప్పటికి రెండు నెలలే అయ్యాయి కనుక ఇంకా కొద్ది రోజుల వ్యవధి ఉంది, అయితే దానిని కోపానికి ఖర్చు చేయకూడదు.

ఇక మీ ఉత్తరంలో లేని ఒక సంగతి అడుగుతాను, ఎందుకంటే నా సలహా అంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇల్లు ఆయనదని ఒప్పుకున్నారు సరే, మీ సగం హక్కును వదులుకుంటూ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో విడుదల దస్తావేజు రిజిస్టరు చేశారా? చేయకపోతే, దయచేసి ఇప్పుడు చేయకండి. ‘అదొక్కటీ సంతకం పెట్టేయ్, నేను మొత్తం చూసుకుంటాను’ అని ఆయనే అన్నా, ఆయన తరఫున అత్తే అడిగినా సరే. రికార్డుల్లో మీరు ఆ ఇంటికి సగం హక్కుదారుగా ఉన్నంతకాలం మీ సంతకం లేకుండా ఆయన దానిని అమ్మలేరు, మరొకచోట తాకట్టు పెట్టలేరు. ఆయనను మాట్లాడుకోవడానికి రప్పించగల బలం మీ చేతిలో అదొక్కటే. అప్పు నుంచి మీ పేరు ముందు తొలగాలి, ఇంటి నుంచి మీ పేరు ఆ తరువాతే తొలగాలి. డిక్రీ ప్రకారం ఇల్లు ఆయనకు ఇవ్వవలసినదే, దానిని మీరు కాదనడం లేదు. ఆయన బాధ్యతా మీ బాధ్యతా ఒకే రోజున జరగాలని మాత్రమే అడుగుతున్నారు.

అప్పు నుంచి మీ పేరు తొలగించమని ఒక దరఖాస్తు ఇచ్చినంత మాత్రాన బ్యాంకు తొలగించేయదు. ఆయన ఒక్కరి ఆదాయంతో ఈ అప్పు నడుస్తుందా అని మళ్ళీ లెక్క కట్టుకుంటుంది, చాలదనుకుంటే మీ స్థానంలో ఆయన తమ్ముడినో తండ్రినో కో-అప్లికెంటుగా చేర్చమంటుంది. లేదా ఆయన వేరే బ్యాంకులో తన పేరనే కొత్త రుణం తీసుకుని దీనిని మూసివేయవచ్చు. ఈ రెండూ కుదరకపోతే, నిజాయితీగా మిగిలే దారి ఇల్లు అమ్మి అప్పు తీర్చి, మిగిలినది డిక్రీ ప్రకారం ఆయనకు చేర్చడమే. కట్టిన ఇంటిని అమ్మమనడం మన వైపు ఎవరికీ మింగుడుపడదని తెలుసు. కానీ ఎవరూ వాయిదా కట్టలేని ఇంటికి వేలం తప్ప వేరే గతి ఉండదు, వేలంకన్నా మనమే కొనుగోలుదారును చూసుకోవడం మేలు. రుణం పూర్తిగా తీరిన 30 రోజులలోగా అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలనీ, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు నియమం ఉంది. కొనేవారు కాగితాల గురించి సందేహిస్తే ఈ మాట చెప్పండి.

ఈలోగా 90 రోజుల గడువు దాటకుండా ఉండడానికి ఒకటి రెండు వాయిదాలు మీరే సర్దవలసి వస్తే సర్దండి, అయితే 18 వేల జీతం మీద అది ఎన్నాళ్ళో సాగదు కనుక రెండుకు మించి పోవద్దు. ఒక్క రూపాయి కూడా నగదుగా కట్టకండి, ఆయన చేతికి అసలే ఇవ్వకండి. మీ ఖాతా నుంచి నేరుగా రుణఖాతాకే పంపి, అదే రోజున ‘డిక్రీ ప్రకారం మీరు కట్టవలసిన వాయిదాను నేను కట్టాను, దీనిని మీ నుంచి రాబట్టుకునే హక్కు నాకుంది’ అని ఆయనకు స్పీడ్ పోస్టులో ఒక చిన్న ఉత్తరం వేయండి. కట్టిన నాటి నుంచి మూడేళ్ళలోగా దావా వేసుకోవచ్చు. ఆయన విశాఖలో ఉన్నారని అక్కడికి తిరగనక్కరలేదు, అప్పు పుట్టినదీ కాగితాలు రాసుకున్నదీ రాయగడలోనే గనుక ఇక్కడి కోర్టుకే వెళ్ళవచ్చు. డిక్రీనే అమలు చేయించమని అడిగే దారి కూడా ఉంది, దానికి పన్నెండేళ్ళ గడువు ఉంటుంది. ఈ రెంటిలో మీకు ఏది నప్పుతుందో డిక్రీలోని మాటలు చదివిన వకీలే చెప్పాలి.

బ్యాంకుకు కూడా ఒక ఉత్తరం రాయండి. అందులో మూడు విషయాలు చాలు: రుణఖాతా పూర్తి స్టేట్‌మెంటు ఇవ్వమని, ఇకమీదట ప్రతి నోటీసూ మీ ప్రస్తుత చిరునామాకు కూడా పంపమని, మీ సంతకం లేకుండా ఈ ఇంటి మీద టాప్-అప్ (అదనపు అప్పు) వంటిదేదీ ఇవ్వవద్దని. డిక్రీ నకలు జతచేయండి. అది బ్యాంకును కట్టిపడవేయదు గానీ, మీరు ఎగవేస్తున్నవారు కాదని మేనేజరుకు అర్థమవుతుంది. ఉత్తరం నకలు మీద తేదీతో బ్యాంకు ముద్ర వేయించుకోకుండా కదలవద్దు. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, బ్యాంకు కాగితం ఇంగ్లీషులో ఉండే ఈ సరిహద్దు ఊళ్ళలో, చూపించిన చోటల్లా సంతకం పెట్టి రావడం మనకు అలవాటైపోయింది, మీ రుణపత్రం కూడా బహుశా అలాగే జరిగి ఉంటుంది. ఈసారి మాత్రం చదివించుకుని అర్థమయ్యాకే పెట్టండి. పాఠశాలకు వచ్చే ఫోన్ల సంగతి వేరు. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోను చేయకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు. అలా జరిగితే బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సిబిల్ వంటి సంస్థలు ఏడాదికొకసారి ఉచితంగా ఇచ్చే నివేదికను కూడా ఒకసారి తెప్పించి, మీ పేర మీకు తెలియని అప్పు ఇంకేదైనా ఉందేమో చూసుకోండి.

బాబాయి నోటు విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మీరు పొరపడే అవకాశం ఎక్కువ ఉన్నది అక్కడే. విడాకుల ఒప్పందంలో బ్యాంకు అప్పు రాసుకున్నారు, ఈ నోటు ఊసు లేదు, కనుక మీ ఇద్దరి మధ్య లెక్కలో ఇందులో సగం మీదే. మూడేళ్ళు దాటితే నోటు చెల్లకుండా పోతుందని బాబాయి తొందరపడడం సహజమే. కానీ మీరొక్కరే కొత్త నోటు రాసిస్తే రెండు లక్షలూ మీ నెత్తిమీదికి వచ్చి, ఆయన తేలికగా తప్పుకుంటారు. ఒకరు చేసిన సంతకం రెండోవారికి గడువు పొడిగించదు. బాబాయితో ఇలా చెప్పండి: ‘నా సగం, అంటే లక్ష రూపాయలూ, దాని వడ్డీ, నెలకు ఇంత చొప్పున ఇస్తాను. ఇచ్చినప్పుడల్లా నోటు వెనుక చెల్లు వేసి ఇద్దరం సంతకం చేద్దాం. నా సగం తీరిన రోజున, నాకు ఇక బాకీ లేదని రాసివ్వండి. బావ సగానికి గడువులోగా ఆయన చేతనే సంతకం చేయించుకోండి, లేదా నోటీసు ఇవ్వండి.’ ఇద్దరిలో ఒకరిని విడిచిపెట్టినంత మాత్రాన రెండోవారు విడుదలైపోరని అదే కాంట్రాక్టు చట్టం 44వ సెక్షన్ చెబుతుంది కనుక, మిమ్మల్ని వదిలినందువల్ల బాబాయికి నష్టం లేదు.

నాన్నగారి పొలం గురించి నా అభిప్రాయం కచ్చితంగా చెబుతాను. అమ్మకూడదు. ఆ అప్పులో ఆయన సంతకం లేదు, ఆ ఇంట్లో ఆయనకు వాటా లేదు. ఆయన అమ్మి కడితే, డిక్రీ ప్రకారం మేనల్లుడు తీర్చవలసిన అప్పును మామగారు తీర్చి, ఇల్లు కూడా మేనల్లుడికే అప్పగించినట్లవుతుంది. పైగా మీరు కడితే మీకు మాజీ భర్త మీద హక్కు పుడుతుంది, నాన్నగారు తనంతట తాను కడితే ఆ హక్కు నిలబెట్టుకోవడం కష్టం. నాన్నగారి భయం అప్పు గురించి కాదు, చెల్లెలు దూరమవుతుందనే. మేనరికంలో ఇదే చిక్కు. బయటి సంబంధమైతే విడాకులతో రాకపోకలు ఆగిపోతాయి, ఇక్కడ ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి దినకర్మలోనూ ఎదురుపడక తప్పదు. అందుకే అన్నాచెల్లెళ్ళను ఈ మాటల్లోకి దించకండి. పెద్దమనుషుల పంచాయతీలో మాట తీర్మానించుకోవచ్చు గానీ, బ్యాంకు దానిని లెక్కచేయదు, రేపు మీ మాజీ భర్త మాట తప్పితే కోర్టులో అది పెద్దగా నిలవదు.

మీకు సరిపోయే చోటు రాయగడలోని జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థ. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. జాతీయ సహాయ నంబరు 15100. కేసు వేయకముందే మీ మాజీ భర్తకూ బ్యాంకుకూ కూడా కబురుపెట్టి లోక్ అదాలత్ ముందు కూర్చోబెట్టమని అక్కడ దరఖాస్తు చేయండి. బ్యాంకులు సాధారణంగా అక్కడికి వస్తాయి. అక్కడ కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కోర్టు రుసుమూ ఉండదు. పైగా నాన్నగారు అనుకున్నట్టు అది బంధువుల మీద కోర్టుకెక్కడం కాదు, ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చుని లెక్క తేల్చుకోవడం. వెళ్ళేటప్పుడు డిక్రీ, రుణపత్రం, స్టేట్‌మెంటు, స్థలం దస్తావేజు నకళ్ళు, నోటు జిరాక్సు పట్టుకువెళ్ళండి.

పెళ్ళిలో అత్త ఎదురైతే, మేనకోడలిగా ఎప్పుడూ పలకరించినట్టే పలకరించండి, భోజనానికి కూర్చోబెట్టండి. అప్పు మాట మీరు ఎత్తవద్దు. ఆమే ఎత్తితే, ‘ఫలానా తేదీన రాయగడలో మాట్లాడుకుందాం అత్తా, బావను కాగితాలు పట్టుకుని రమ్మను’ అని చెప్పి, వేరే అతిథులను చూడటానికి లేవండి. ఆ తేదీ పెళ్ళికి ముందే ఖరారై ఉండాలి కనుక, దరఖాస్తు ఈ వారమే ఇవ్వండి.