నెలలు నిండే వేళ: పాఠకుల ప్రశ్నలకు డాక్టర్ సమాధానాలు

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్లు, ఇది తొలి కాన్పు. పురిటికి తణుకులోని పుట్టింటికి వచ్చాను. ఇప్పుడు 35 వారాలు నిండాయి. బిడ్డ తల కిందికే ఉందని, నాకు బీపీ, షుగర్ లేవని డాక్టరుగారు చెప్పారు. ఇంతలో మా మామగారు సిద్ధాంతిగారి చేత ముహూర్తం పెట్టించారు. ఆ రోజుకు నాకు 37 వారాల 2 రోజులు అవుతాయి. నొప్పులు పడే బదులు మంచి ఘడియలో ఆపరేషన్ చేయించుకొమ్మంటున్నారు. పెద్దవారి మాట కాదనలేకపోతున్నాను. ఏం చేయమంటారు?

సమాధానం: నాలుగు మూలలా పసుపు రాసిన చీటీ మడత విప్పి, నా బల్ల మీద ఉన్న స్కానింగ్ రిపోర్టు మీదే పరిచే కుటుంబాలను నేను తరచూ చూస్తుంటాను. వారి నమ్మకాన్ని నేనెన్నడూ ఎగతాళి చేయలేదు. అయితే ఆ చీటీలో తిథి, నక్షత్రం, లగ్నం ఉంటాయి గానీ బిడ్డకు ఎన్ని వారాలు నిండాయన్నది మాత్రం ఉండదు.

తొమ్మిదో నెల వచ్చింది కాబట్టి బిడ్డ సిద్ధమైనట్లేనని చాలామంది అనుకుంటారు. 37 వారాలకు, 39 వారాలకు మధ్య ఉన్న ఆ రెండు వారాలు బిడ్డ ఊపిరితిత్తులకు, మెదడుకు, ఒంట్లో కొవ్వు పట్టడానికి ఎంతో ముఖ్యమైనవి. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తులు ద్రవంతో నిండి ఉంటాయి, నొప్పులు మొదలైనప్పుడు విడుదలయ్యే హార్మోన్లే ఆ ద్రవం ఇంకిపోవడానికి తోడ్పడతాయి. నొప్పులు రాకుండా, 39 వారాలు నిండకుండా ఆపరేషన్ చేసి తీసిన బిడ్డల్లో ఆయాసం ఎక్కువగా కనిపించడానికీ, తల్లి పక్కన పడుకోవలసిన పసిగుడ్డును ఐసీయూలో ఉంచవలసి రావడానికీ ఒక ముఖ్య కారణం ఇదే. పైగా తొలి కాన్పు సిజేరియన్ అయితే, తరువాతి గర్భంలో మాయ పాత కుట్టు దగ్గర అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ఈ పాపమంతా ముహూర్తాలదే అనను, మా వైద్యుల వాటా కూడా ఇందులో తక్కువేమీ కాదు.

మామగారితో మీరు వాదనకు దిగనక్కరలేదు. వచ్చే పరీక్షకు ఆయనను కూడా వెంట తీసుకువెళ్లి, ఆయన ఎదుటనే డాక్టరుగారిని ఒక్క ప్రశ్న అడగండి: "ఆ తేదీన బిడ్డను తీయవలసిన వైద్యపరమైన కారణం ఏమైనా ఉందా?" బిడ్డ ఎదురుకాళ్లతో ఉండడం, మాయ కిందికి ఉండడం వంటి కారణాలు ఉంటే ఆపరేషన్ తప్పదు. అటువంటప్పుడు కూడా, తొందర పెట్టే ఇబ్బంది ఏదీ లేకపోతే, 39 వారాలు నిండాక వచ్చే రోజుల్లో సిద్ధాంతిగారు ఏ ఘడియ పెట్టినా నాకు అభ్యంతరం లేదు. మీ విషయంలో మీరు రాసినంతవరకు అలాంటి కారణమేదీ కనిపించడం లేదు.

ఇక నొప్పుల భయం గురించి. రోజూ అరగంట నడవండి, ఊపిరి నిదానంగా వదలడం అలవాటు చేసుకోండి. ప్రసవ సమయంలో మీ అమ్మగారినో, మీవారినో పక్కన ఉండనిస్తారా, వెన్నులో ఇచ్చే నొప్పి నివారణ మందు దొరుకుతుందా అన్నవి ఇప్పుడే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర పల్లె. నాకు 33 వారాలు, రక్తం 9.2 గ్రాములు ఉంది. ఐరన్ గోలీలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని, ఎక్కువ తింటే బిడ్డ పెద్దగై ఆపరేషన్ అవుతుందని మా అత్తమ్మ అంటున్నది. సాయంత్రానికి కాళ్లకు నీరు పడుతోంది కాబట్టి ఉప్పు కూడా మానేయమంటున్నది. నిజమేనా?

సమాధానం: ఐరన్ గోలీ నల్లగా చేసేది మలాన్ని మాత్రమే, బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. గర్భిణికి 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత ఉన్నట్లే. మామూలు కాన్పులో కూడా అర లీటరు దాకా రక్తం పోవచ్చు కనుక, ఆ నష్టాన్ని తట్టుకోవడానికి కావలసిన నిల్వ మీకు ఇప్పుడు లేదు. ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తం తక్కువగా ఉన్నవారికి రోజుకు రెండు మాత్రలు ఇవ్వడం, నెలలు దగ్గర పడితే సెలైన్‌లో ఐరన్ ఎక్కించడం మామూలే కాబట్టి, ఈ వారంలోనే డాక్టరును కలవండి. మాత్రను టీతోనో, పాలతోనో, కాల్షియం గోలీతో కలిపో వేసుకుంటే సగం వృథా అవుతుంది. నిమ్మరసంతో వేసుకోండి, కాల్షియానికి కనీసం రెండు గంటల ఎడం ఇవ్వండి.

కడుపు మాడ్చుకుంటే కాన్పు సులువు కాదు. బిడ్డ బరువు తగ్గుతుంది, మీకు నొప్పులు తీసే సత్తువ ఉండదు. ఒకేసారి తినలేకపోతే జొన్న రొట్టె, పప్పు, గుడ్డు, ఆకుకూర, ఉడకబెట్టిన శనగలు అయిదారు విడతలుగా తినండి.

సాయంత్రం పాదాలకు నీరు పట్టి తెల్లవారేసరికి తగ్గిపోతే భయం లేదు, ఉప్పు పూర్తిగా మానవలసిన పని కూడా లేదు. అయితే ముఖం, చేతులు ఉబ్బినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకలు కమ్మినా, పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, బీపీ 140/90 లేదా అంతకు మించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. మన పెద్దలు గుర్రపువాతం అనే ప్రాణాంతకమైన ఫిట్స్‌కు ముందు కనిపించే గుర్తులు ఇవే.

మరొక మాట. నా దగ్గరికి వచ్చే ఒకామె రోజూ భోజనమయ్యాక ఎడమవైపు ఒత్తిగిలి పడుకుని, బిడ్డ కదిలినప్పుడల్లా పళ్లెంలోని చింతపిక్కను ఒక్కొక్కటిగా గిన్నెలో వేసేది. రెండు గంటల్లో గిన్నెలో పది పిక్కలు పడాలి. పడకపోయినా, రోజూ ఉండే కదలిక తగ్గిందనిపించినా "నిద్రపోతున్నదేమోలే" అని ఊరుకోకుండా ఆ పూటే పరీక్ష చేయించుకోవాలి. మీరు కూడా అలా లెక్కపెట్టండి, రాత్రి వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోండి.

ప్రశ్న: మా ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, ఆసుపత్రికి 40 కిలోమీటర్లు. అసలు నొప్పులని ఎలా తెలుస్తుంది? ఎప్పుడు బయలుదేరాలి?

సమాధానం: దొంగనొప్పులు లేచి నడిచినా, పక్కకు తిరిగి పడుకున్నా సర్దుకుంటాయి. అసలు నొప్పులు నడుము నుంచి పొట్ట ముందుకు పాకుతాయి, వాటి మధ్య విరామం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. ఆసుపత్రి పక్కనే ఉన్నవారికి అయిదు నిమిషాలకొక నొప్పి వచ్చేదాకా ఇంట్లో ఉండమని చెబుతాం. మీరు అంతవరకు ఆగవద్దు, నొప్పులు క్రమంగా వస్తున్నాయని తెలియగానే 108కు ఫోన్ చేయండి. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా బయలుదేరాలి, అది ఆకుపచ్చగా ఉన్నా, ఎర్రటి రక్తం కనిపించినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకూడదు. ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాంతాల్లో కొన్నిచోట్ల గర్భిణుల వసతి గృహాలు ఉన్నాయి. మీకు దగ్గరలో ఉందేమో ఆశా కార్యకర్తను అడిగి, కాన్పు తేదీకి ముందే అక్కడ చేరడం అన్నిటికంటే మేలు. తల్లీబిడ్డ కార్డు, స్కానింగ్ కాగితాలు, ఉతికి ఎండలో ఆరేసిన మెత్తటి పాత నూలు బట్టలు ఒక సంచిలో సర్ది తలుపు దగ్గరే ఉంచండి. నొప్పులు రప్పించడానికని ఆముదం తాగమంటే మాత్రం తాగవద్దు.