భర్త సంతకం ఒక్కటే సరిపోదు

ప్రశ్న: మా చెల్లెలిని సోంపేటలో ఇచ్చాం. రెండు నెలల క్రితం ఆమె భర్త విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు మానసిక వైద్యశాలలో చేర్పించాడు. చూడటానికి వెళ్తే, భర్త ఒప్పుకుంటేనే అని గేటు దగ్గరే తిప్పి పంపారు. ఇప్పుడు ‘పిచ్చిది, విడాకులు కావాలి’ అంటున్నాడు. అన్నగా నాకు హక్కు ఉందా?
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: ముందు మీ చెల్లెలి హక్కు చూద్దాం, మీది దాని వెనకే వస్తుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017లోని 26వ సెక్షన్ ప్రకారం ఎవరిని కలవాలో, ఎవరితో ఫోనులో మాట్లాడాలో తేల్చుకోవలసింది ఆమె. ఆసుపత్రి వేళలు పాటించాలి, అంతే.

ఇక చేర్పించిన తీరు. ఆమె ఇష్టపడి చేరి ఉంటే, ఇంటికి పంపమని అడిగే హక్కూ ఆమెదే. నిర్ణయం తీసుకునే స్థితిలో లేదని చేర్చుకున్నారా, అది 89వ సెక్షన్: ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, గడువు 30 రోజులు. ఆపైన ఉంచాలంటే ఇద్దరు మానసిక వైద్యులు మళ్లీ పరీక్షించాలి, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి ఉండాలి. రెండు నెలలంటున్నారు. ఆ అనుమతి ఎక్కడుందని రాతపూర్వకంగా అడగండి.

అసలు కీలకం 14వ సెక్షన్. తన తరఫున మాట్లాడే ప్రతినిధిగా ఎవరి పేరైనా తెల్లకాగితం మీద రాసి ఆమె సంతకమో వేలిముద్రో వేయాలి, ఆ ప్రతినిధి కూడా ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు. ఆమె ఎవరి పేరూ రాయనప్పుడే భర్త బంధువుగా ముందుకు వస్తాడు. మీ పేరు రాస్తే బోర్డుకు మీరే దరఖాస్తు పెట్టవచ్చు. 89 కింద చేర్చి ఉంటే బోర్డు ఏడు రోజుల్లో సమీక్షించాలి.

లోపలికి రానివ్వనప్పుడు సంతకం ఎలా అంటారా? పది మందిని వెంటేసుకుని గేటు దగ్గర గొడవ మాత్రం వద్దు, అది అవతలివారికే పనికొస్తుంది. శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు న్యాయ సహాయం ఉచితం. ఆమెను కలవడానికి న్యాయవాదిని పంపమని కోరండి. జబ్బు నిజమే అయితే తొందరపడి వైద్యం మాన్పించకండి.

విడాకులంటారా, చికిత్స పొందినంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని ఈ చట్టమే చెబుతోంది. జబ్బు పేరు ఒక్కటే చాలదు, కలిసి బతకలేనంత తీవ్రత నిరూపించాలని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. ఆయన నుంచి నోటీసు వస్తే పారేయకండి. ఆసుపత్రిలో చేర్చిన తేదీ అందులో ఉంటే, 30 రోజులు ఎప్పుడు దాటాయో ఆయనే రాసిచ్చినట్టు.