డాబా మీద రేకుల షెడ్డు: తుపానుకు ఆగాలంటే

ప్రశ్న: మాది భీమిలి. రెండంతస్తుల డాబా మీద 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున పక్కలు తెరిచి ఉండే రేకుల షెడ్డు వేస్తున్నాం. పైన ఇసుక బస్తాలు పెడితే తుపానుకు చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: చాలదు. గాలి రేకును పక్కకు నెట్టడం కంటే పైకి లాగడమే ఎక్కువ. కప్పు అంచు దాటగానే గాలి విడివడి పైకి లేస్తుంది, రేకు మీద ఒత్తిడి పడిపోతుంది. తెరిచిన షెడ్డు కాబట్టి కింది నుంచి తోపు కూడా తోడవుతుంది.

కట్టడాల మీద పడే గాలి భారానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల గాలిని, అంటే గంటకు 180 కిలోమీటర్లను ప్రాతిపదికగా తీసుకోమంటుంది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది: 50ని 50తో, దాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, దాదాపు 150 కిలోల బరువుతో సమానం. మీ కప్పు 11 చదరపు మీటర్లు. మేడ ఎత్తు, కప్పు వాలు, చుట్టూ ఉన్న ఖాళీని బట్టి మారినా, ఉజ్జాయింపుగా 1,650 కిలోల లాగుడు. అర మిల్లీమీటరు రేకులు మొత్తం 60 కిలోలు దాటవు. 50 కిలోల బస్తాలు 30 పైగా ఎక్కిస్తే ముందు రేకులే సొట్టపోతాయి!

కాబట్టి బరువును కాదు, బిగింపును నమ్ముకోండి. రేకు నుంచి స్లాబు దాకా ఎక్కడా వదులు ఉండకూడదు. అంచుల్లో, మూలల్లో లాగుడు మధ్యభాగానికి రెట్టింపు దాకా ఉండొచ్చు. అక్కడ రేకు ప్రతి మిట్టకూ (ఉబ్బెత్తు మడతకూ) ఒక స్క్రూ, మధ్యలో మిట్ట విడిచి మిట్టకు. అడ్డపైపులు మధ్యలో 4 అడుగులకొకటి, అంచు దగ్గర రెండున్నరకొకటి. రబ్బరు వాషరు కొద్దిగా ఉబ్బేదాకానే బిగించాలి. అతిగా బిగిస్తే మిట్ట అణిగి, రేకు గంటల తరబడి అదురుతున్నప్పుడు స్క్రూ చుట్టూ పగులు పుడుతుంది. 1974లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌ను ట్రేసీ తుపాను కొట్టినప్పుడు ఎన్నో కప్పులు పోయింది ఇలాగే: స్క్రూ నిలిచింది, రేకు చిరిగి దాని తలమీదుగా లేచిపోయింది. చూరు బయటికి ఒక అడుగు దాటనివ్వకండి.

నాలుగు స్తంభాలైతే ఒక్కోదానికి 400 కిలోల పైచిలుకు వస్తుంది. స్తంభాన్ని స్లాబు నడుమ కాకుండా కింది పిల్లరు లేదా బీము మీదకు తెచ్చి, 8 మి.మీ. ప్లేటుకు నాలుగు 12 మి.మీ. యాంకర్ బోల్టులు వేయించండి. పిట్టగోడ ఇటుకల్లో దిగ్గొట్టిన పైపు గోడతో సహా లేస్తుంది. సముద్రపు గాలికి వెల్డింగు అతుకులే ముందు తుప్పు పడతాయి. ఏటా వానలకు ముందు గీకి, రెడాక్సైడ్ పూయండి. ‘మాకు గాలి అటునుంచే’ అని ఒక వైపే గట్టి చేయడమూ తప్పే. 2014 హుద్‌హుద్ తుపాను కన్ను (దాని నడిబొడ్డు) విశాఖ మీదుగా దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి కొట్టింది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇంత అవసరమా?

జవాబు: అక్కడ లెక్క 44 మీటర్లు. వేగం 12 శాతం తగ్గినా, ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి కాబట్టి అది దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. స్క్రూలు కొంత దూరం జరపొచ్చు. స్తంభాల అడుగు మాత్రం అలాగే వేయించండి, వేసవి గాలివానకు షెడ్లు లేచేది ఎక్కువగా ఆ అడుగు దగ్గరే.