పండక్కి ఊరెళ్తున్నారా? మీ ప్రశ్నలు, మా జవాబులు

హైదరాబాద్ నుంచి అమలాపురం దగ్గర మా అత్తగారి ఊరికి కారులో వెళ్తున్నాం. రాత్రి పదికి బయల్దేరితే ట్రాఫిక్ ఉండదంటారు మావారు. నాకేమో కాలువగట్టు రోడ్డంటే భయం. ఇద్దరు పిల్లలున్నారు.
– ఒక పాఠకురాలు, మియాపూర్

మీ భయంలో న్యాయం ఉంది. రాత్రి పదికి బయల్దేరితే రావులపాలెం చేరేసరికి తెల్లవారుజాము అవుతుంది. డ్రైవింగ్ చేసేవారికి నిద్ర ముంచుకొచ్చేదీ, మంచు దట్టంగా పట్టేదీ అప్పుడే. సరిగ్గా ఆ వేళకే మీరు హైవే దిగి కాలువగట్టు రోడ్డెక్కుతారు. దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, నీళ్లు వదిలి ఉంటారు కాబట్టి సంక్రాంతికి కాలువలు నిండుగా పారుతుంటాయి. ట్రాఫిక్ ఉంటే ఉంది, తెల్లారగట్ల నాలుగింటికి బయల్దేరండి. రాత్రే బయల్దేరక తప్పకపోతే తణుకులోనే ఆగి, ఎండ పొడ వచ్చాక కదలండి.

మంచులో హైబీమ్ వేస్తే వెలుగు మంచుకి తగిలి మీ కళ్లలోకే కొడుతుంది. లోబీమ్ చాలు. వెనకలైటు లేని గడ్డి ట్రాక్టరు చివరి క్షణందాకా కనబడదు, అందుకని 30 దాటొద్దు. గట్టెక్కే ముందు డ్రైవరు తలుపు మీదుండే విండో లాక్ తీసేయండి, వెనక కూర్చున్నవాళ్లు అద్దాలు దించుకోగలగాలి.

కారు కాలువలో పడితే తేలేది మహా అయితే ఒకటి రెండు నిమిషాలు. ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. బెల్టు తీయడం, అద్దం దించడం, పిల్లల్ని పంపడం, మీరు బయటపడటం: ఇదే వరస. తలుపు జోలికి పోవద్దు. బయటి నీటి ఒత్తిడికి అది రాదు, వచ్చిందా నీళ్లు ఒక్కసారిగా లోపలికొచ్చి బండి మునుగుతుంది. పవర్ విండోలు మొదటి క్షణాల్లో మామూలుగా పనిచేస్తాయి, నీళ్లు అద్దం అంచు దాటకముందే దించేయాలి. దిగకపోతే మొనదేలిన ఇనప సుత్తితో పక్క అద్దం మూలన కొట్టండి. ముందు అద్దం పొరల అద్దం, పగిలినా విడిపోదు. ఆ సుత్తి డిక్కీలో ఉంటే లేనట్టే, డ్రైవరు చేతికందేలా పెట్టుకోండి. పిల్లల్లో పెద్దవాణ్ని ముందు బయటికి పంపి, చిన్నవాణ్ని మీరు పట్టుకుని వెళ్లండి.

మా వీధి కుర్రాళ్లు భోగిమంటకి పెట్రోలు పోస్తారు. పక్కనే గడ్డిమేటు ఉంది. చెబితే వినరు.
– ఒక పాఠకుడు, పాలకొల్లు

పెట్రోలు ఆవిరి కంటికి కనబడకుండా నేలబారున పాకుతుంది. అగ్గిపుల్ల గీయగానే మంట గీసినవాడి కాళ్లదాకా, ఒక్కోసారి చేతిలోని డబ్బాదాకా వస్తుంది. ముందురోజే ఎండు కొబ్బరిమట్టలు, కొబ్బరికాయల డొక్కలు పేర్చి నాలుగు కర్పూరం బిళ్లలు వెలిగించి చూపించండి, గాలికి అవే అంటుకుంటాయి. వెదురు వేస్తే కణుపు కణుపుకీ చీల్చి వేయాలి. లేకపోతే లోపలి గాలి వేడెక్కి కణుపులు పేలి నిప్పులు ఎగురుతాయి. టైర్లు వద్దే వద్దు. గాలివాలు మేటు వైపుంటే మంట చోటు మార్చాల్సిందే, అందులో మొహమాటం లేదు. కరెంటు తీగల కింద కూడా పెట్టకూడదు. రెండు బిందెల నీళ్లు, ఒక తడి గోనెసంచి దగ్గరుంచండి.

పిల్లలకి నూలు బట్టలు వేసి మంట దగ్గరికి తీసుకెళ్లండి. సింథటిక్ పరికిణీలైతే కాలి ఒంటికి అతుక్కుంటాయి. బట్టలంటుకుంటే పరుగెత్తనివ్వకుండా పడుకోబెట్టి దొర్లించండి. కాలిన చోట కుళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయాలి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. టూత్‌పేస్టు, సిరా, ఐసు ఏదీ పూయొద్దు, పెట్టొద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆస్పత్రికి వెళ్లండి. ముఖం మీదైనా, కాలింది ఎక్కువైనా 108కి ఫోన్ చేయండి. మంట ఆరాక బూడిద మీద నీళ్లు కుమ్మరించి వదలండి, మధ్యాహ్నందాకా లోపల నిప్పు ఉంటుంది.

పట్నం నుంచి వచ్చిన పిల్లలు కాలువ రేవు వదలరు. ఎవరైనా జారితే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ముక్కామల

రేవు మెట్లలో నీళ్ల కిందున్నవి నాచు పట్టి ఉంటాయి. అక్కడే జారతారు. రేవులో ఒక తాడు, దానికి మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా కట్టి ఉంచండి. ఈత రానివాళ్లు దూకితే ఇద్దరు పోతారు, డబ్బా విసరండి. బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం పాత అలవాటు, మానేయాలి. ఊపిరి ఆడకపోతే ముక్కు మూసి నోటితో ఐదుసార్లు ఊదండి. కదలిక లేకపోతే ఛాతీ మధ్యన 30 నొక్కులు, తర్వాత 2 ఊపిరులు, ఇలాగే ఆపకుండా 108 వచ్చేదాకా చేయాలి. నొక్కుల వేగం నిమిషానికి 100 నుంచి 120 ఉండాలి. లేచి కూర్చున్నా డాక్టరుకి చూపించాలి, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చు.

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) మీద కారు ఎక్కించి అంతర్వేది వెళ్దామనుకుంటున్నాం. ఫరవాలేదా?
– ఒక పాఠకుడు, భీమవరం

వెళ్లొచ్చు. డ్రైవరు తప్ప మిగతావాళ్లు రేవులోనే దిగి నడిచి ఎక్కాలి. బండి గేర్లో వేసి హ్యాండ్‌బ్రేక్ లాగి, అద్దాలు దించి, డ్రైవరు కూడా దిగిపోవాలి. లైఫ్‌జాకెట్లు లేకపోయినా, జనం కిక్కిరిసి ఉన్నా ఆ పంటు వదిలేయండి, ఇంకోటి వస్తుంది. ముసలివాళ్లుంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లడమే మేలు.