గుంపును చూసి అంగడి పెట్టొద్దబ్బీ

అబ్బీ,

నీ జాబు అందింది. రాత బాగుంది, మీ అమ్మ రోట్లో శెనక్కాయల పొడి దంచే ముక్కయితే రెండుసార్లు చదివినా. కానీ చివర్లో అడిగినావు చూడు, కవితల పేజీకి ఇరవై వేలమంది ఉన్నారన్నా, దీంట్లో డబ్బులొస్తాయా లేకుంటే అమ్మ పొడి ఆన్‌లైన్‌లో అమ్మేదా అని, దానికి జవాబు చెప్పేముందు నా బాగోతం రొంత చెప్పాల.

2018లో గూగుల్ యాడ్‌సెన్స్ (మన సైట్లో యాడ్లు చూపించి మనకి డబ్బులిచ్చేది) తెలుగుకి వచ్చినప్పుడు మేమంతా అనంతపురంలో వాన పడినంత సంబరపడినాం. నేనూ సామెతలు, పాత కథలు పెట్టి సైటు నడిపినా, జనం శానా వచ్చేవాళ్లు, నెలాఖరుకి చూస్తే కరెంటు బిల్లుకి కూడా చాలేవి కాదు. అదే టైంలో ఎవరో అడిగితే చీనీ (బత్తాయి) తోటకి డ్రిప్ వేసుకోవడం మీద నాలుగు పేజీలు రాసి పడేసినా. దానికొచ్చే జనం పదో వంతు కూడా ఉండరు, డబ్బులు మాత్రం అవే ఎక్కువ. ఎందుకో అర్థమయ్యేసరికి నాకు ఏడాది పట్టింది. సామెత చదివినోడు నవ్వుకుని పోతాడు, డ్రిప్ గురించి చదివేటోడు బోరేసి, అప్పు చేసి, పైపులు కొనేదానికి బయల్దేరినోడు, వాడి కంట పడేదానికి పైపుల కంపెనీలు పోటీపడి డబ్బు కడతాయి. అంతే తేడా.

అందుకే ఏ టాపిక్ అయినా ముందు అక్కడ ఎవరైనా ఇప్పటికే డబ్బు పెడతాండారా అని చూడు. గూగుల్ యాడ్స్ అకౌంట్ తెరిస్తే కీవర్డ్ ప్లానర్, అంటే జనం ఏ మాటలు వెతుకుతాండారో చూపించే పనిముట్టు, ఊరికే వస్తాది. అందులో పేజీ పైన యాడ్ కనపడాలంటే ఎంత బిడ్ (క్లిక్‌కి ఇస్తామనే రేటు) వేస్తాండారో రెండు కాలమ్స్ ఉంటాయి, నీ కళ్లు అక్కడుండాల. పక్కనే కాంపిటీషన్ తక్కువ అని చూపిస్తే ఎగిరి గంతెయ్యొద్దు, అది యాడ్లు వేసేవాళ్ల పోటీ, సెర్చ్‌లో పైకి రావడం సులువని దాని అర్థం కాదు (నేనట్లే అనుకొని ఆరు నెలలు పోగొట్టుకున్నా). గూగుల్ ట్రెండ్స్‌లో (ఒక మాటని జనం ఎప్పుడు ఎక్కువ వెతికినారో చూపించేది) కనపడే 100 కూడా వందమంది కాదు, ఆ మాటని జనం బాగా వెతికిన సమయాన్ని 100 అనుకుని మిగతాది దాంతో పోల్చి చూపిస్తాది. ఐదేళ్లది పెట్టి చూడు, ఏ నెలలో లేస్తాదో ఏ నెలలో పండుకుంటాదో తెలుస్తాది. ఇంకోటి, మనోళ్లు తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, రెండు రకాలూ వెతుకు.

ఇంగ పొడి సంగతి. కాగితం తీసుకో. పావు కేజీ 180కి అమ్ముతావనుకో. సరుకు 60, డబ్బా లేబులు అట్టపెట్టె 25, కొరియర్ 60, పేమెంట్ గేట్‌వేకి (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టేది) రెండు శాతం దానిమీద జీఎస్టీ కలిపి నాలుగు రూపాయలు. మిగిలింది 31. ఇందులో మీ అమ్మ కూలి లేదు, తెలుసా? యాడ్ వేసి క్లిక్‌కి మూడు రూపాయల లెక్కన వందమందిని తెచ్చి ఇద్దరు కొన్నా, ఒక్కో ఆర్డర్‌కి 150 పోయినట్టే. క్యాష్ ఆన్ డెలివరీ పెడితే, పార్సిల్ గడప దాకా పోయినాక వద్దులే అనేటోళ్లుంటారు, పోను రాను కొరియర్ నీ నెత్తినే. తిండి సరుకు కదా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్రం వాళ్ల ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఎట్లూ ఉండాల. పొడి పనికిరాదని చెప్పట్లా, బెంగళూరులో ఉండే మనోళ్లు నెలనెలా కేజీ తెప్పించుకుంటే నిలబడతాది, పావు కేజీ కొని మరిచిపోయేటోళ్లతో కాదు.

పోటీ ఎవరూ లేరన్నా అని కూడా రాసినావు. ఆ మాటకే నాకు భయమేసింది. ఒక్క అంగడీ లేని సందులో బాడుగ ఎందుకు తక్కువుంటాదో మీ నాయన్ని అడుగు.

నువ్వు ఒక్క లైన్లో దాటేసిన ముక్క నాకు పట్టుకుంది, మీ అమ్మమ్మ ఊరు నిమ్మలకుంట పక్కనే అని. (2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా, మా నోట్లో ఇంకా అనంతపురమే.) తోలుబొమ్మలకి 2020లో పద్మశ్రీ ప్రకటించిన దళవాయి చలపతిరావు ఆ ఊరాయనే. మేకతోలుకి ఉలితో చిల్లులు కొట్టి రంగులేసిన లాంప్ షేడ్లు చేస్తారు, లోపల బల్బు వెలిగిస్తే ఆ చిల్లుల్లోంచి గోడంతా చుక్కలు పడతాయి. దీని గురించి వెతికేవాళ్లు తక్కువే, కానీ వెతికేటోడు ఇల్లు సర్దుకుంటాండేటోడు. రెండు వేలకి అమ్మి, చేసినోళ్లకి 1300 ఇచ్చి, ప్యాకింగు కొరియర్ 300, గేట్‌వే 50 పోతే 350 మిగుల్తాది. పదిట్లో ఒకటి దారిలో నలిగిందంటే దగ్గర దగ్గర ఐదింటి లాభం గోవిందా, కాబట్టి పెట్టె మీద పీనాసితనం చెయ్యొద్దు. వేరే రాష్ట్రానికి పంపితే జీఎస్టీ సంగతి ఆడిటర్ని అడుగు. ఆ చిల్లులు కొట్టే చేతి గురించి రాయడం నీకొచ్చు కదా, నీ రాతకి రేటు పలికేది అక్కడ.

సైటూ లోగో ఏమీ వద్దు ఇప్పుడు. పది లాంపుల ఫొటోలు తీసి, ఒక్కోదానికి నాలుగు మాటలు రాసి, వాట్సాప్‌లో పెట్టి సగం అడ్వాన్స్ అడుగు. సూపర్ అన్నా అని పెట్టేటోళ్లని లెక్కెయ్యొద్దు, అడ్వాన్స్ వేసినోళ్లనే లెక్కెయ్. ఒక్కరికే సరుకు ఇచ్చి ఒక్కరి మీదే ఆధారపడొద్దు కూడా, నేను నమ్ముకున్న ఒక కంపెనీ ఒక్క మెయిల్‌తో నా కమీషన్ సగానికి కోసేసింది, పేరెందుకులే.

నిమ్మలకుంట పోయేటట్టుంటే ముందు ఫోన్ చెయ్. ధర్మవరం దాకా నేనూ వస్తా, మీ వదిన పట్టుచీర అని ఉగాది నుంచి గొణుగుతాంది.

మీ అన్న