ఆటోక్లేవ్‌లోంచి గుడ్డ గౌన్ల ప్యాకులు తడిగా వస్తుంటే

ఆసుపత్రిలో వాడి పారేసే (డిస్పోజబుల్) గౌన్లు మానేసి గుడ్డ గౌన్లకు మారాక, ఆటోక్లేవ్ నుంచి, అంటే ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే యంత్రం నుంచి, ప్యాకులు చెమ్మగా వస్తున్నాయన్నారు. చాలామటుకు తప్పు గుడ్డది కాదండి, కుక్కి పేర్చడం, వేడి మీదే బయటికి లాగడం.

1. ప్యాకులు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి. నిలువుగా, వేళ్లు దూరేంత సందుతో పెట్టండి.
2. 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు.
3. అందరూ మరిచేది ఇదే: ప్రెషర్ సున్నాకి దిగాక తలుపు కొద్దిగా తెరిచి 15–30 నిమిషాలు అలాగే వదిలేయండి. తీశాక చల్లారేదాకా చల్లటి స్టీలు బల్ల మీద పెట్టొద్దు, కింద నీరు పడుతుంది. జాలీ ట్రే మేలు. మా అమలాపురం వైపు వానాకాలంలో గాలే తడిబట్ట, ఇక్కడ తొందర పనికిరాదు.

చెమ్మ ఉన్న ప్యాకు స్టెరైల్ (క్రిములు లేనిది) కాదు. ప్యాకుకి అంటించిన, ఆటోక్లేవ్ వేడికి రంగు మారే టేపు మీద నల్లగీతలు వచ్చినా సరే, విప్పి, పొడిగుడ్డలో చుట్టి మళ్ళీ పెట్టాల్సిందే.